అస్కు నదీతీరమందలి న్యూపోర్టు నగరము

ఇంగ్లండునకు పడమట, కొండలకును సముద్రమునకును నడుమ, వేల్సు అను చిన్న దేశము కలదు. ఆ దేశపు రాజధానియగు కార్డిఫ్ నగరము పేరు మన విద్యార్థులలో ననేకులు వినియుందురు. ఆ కార్డిఫునకు ఈశాన్యముగా సుమారు 12 మైళ్ల దూరమున, అస్కు నది సముద్రమును జేరుచోట, న్యూపోర్టు అను మఱియొక నగరము కలదు. దీని పేరు విన్నవారు తక్కువ. లండను నుండి కార్డిఫునకు బోవు రైళ్లు దీని మీదుగానే పోవును. అయినను, పలువురు యాత్రికులు కిటికీలో నుండి నదిని, బురదగట్టులను, పాత కోటగోడను ఒక్క చూపు చూచి ముందునకు సాగిపోవుదురు. అట్లు పోవుట తగదని మా యభిప్రాయము. సొగసుగల నగరములు లోకమున ననేకములు గలవు. కాని యొక నది యొడ్డున రెండు వేల సంవత్సరముల మనుష్య ప్రయాస యంతయు, సైనికుని మొదలుకొని కూలివాని వఱకు, పుస్తకమువలె తెఱచియున్న స్థలములు కొన్ని మాత్రమే. న్యూపోర్టు అట్టిది. కావున దానిని గూర్చి మా చదువరులకు గొంత వివరముగా దెలుపదలచితిమి.

పేరును నెలవును

న్యూపోర్టు అనగా క్రొత్త రేవు అని యర్థము. వేల్సు దేశస్థులు తమ సొంతభాషలో దీనిని కాస్‌నెవిద్ అందురు. దానికి క్రొత్త కోట అని యర్థము. ఒకే యూరికి ఒక భాషలో రేవును బట్టియు, మఱియొక భాషలో కోటను బట్టియు పేరు గలుగుట చూడ ముచ్చటగా నున్నది. ఈ రెండు పేర్లును నిజములే. నది యొడ్డున 14వ శతాబ్దమునాటి కోట శిథిలములు నేటికిని నిలిచియున్నవి. వాని నడిమి బురుజు క్రింద నీటివైపునకు ఒక ద్వారము గలదు. పోటు వచ్చినప్పుడు పడవలు ఆ ద్వారమువఱకు వచ్చుటకు వీలుగా దానిని గట్టిరి.

2021వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ స్థలమున 1,59,000 మందికి పైగా నివసించుచుండిరి. వేల్సులో జనసంఖ్యను బట్టి యిది మూడవ నగరము. అయితే, నగరమను గౌరవనామము దీనికి లభించినది చాల యిటీవలనే. 2002వ సంవత్సరమున ఎలిజబెతు రాణిగారి పరిపాలన స్వర్ణోత్సవ సమయమున, అంతవఱకు పట్టణముగా నుండిన న్యూపోర్టునకు నగరపదవి యొసగబడెను. ఆ దేశమున ఎంత పెద్ద యూరైనను రాజాజ్ఞ లేనిదే నగరమని పిలువబడదు.

నదియు దాని యాటుపోటులును

ఈ యూరిని దెలిసికొనవలెనన్న మొదట దాని నదిని దెలిసికొనవలెను. అస్కు నది వేల్సు కొండలలో బుట్టి, దక్షిణముగా బ్రవహించి, సెవర్ను నదీముఖమున గలియుచున్నది. ఆ సెవర్ను ముఖము గరాటువలె నుండును. సముద్రమువైపు మిక్కిలి వెడల్పు, లోపలికి వచ్చినకొలది యిఱుకు. పోటు వచ్చినప్పుడు మహాసముద్రపు నీరు ఆ గరాటులో జొరబడి, ప్రక్కలకు బోవ దారి లేక, పైకి లేచును. ఇందుచేత నిచ్చటి యాటుపోటుల భేదము ప్రపంచములోని మిక్కిలి పెద్దవానిలో నొకటి. పెద్దపోటు దినములలో నీటిమట్టము 40 అడుగులకు మించి లేచి దిగుచుండును.

దీని ఫలము న్యూపోర్టులో గన్నులార చూడవచ్చును. ఉదయమున గట్టులు నిండి యోడ నడువదగినట్లున్న నది, కొన్ని గంటలలో సన్నని కాలువయై, ఇరుప్రక్కల నిగనిగలాడు బురదవాలులు మాత్రమే మిగులును. ఈ బురద యొక దినమున రేవునకు మేలు చేసెను, మఱియొక దినమున బాటసారిని బాధించెను, వేఱొక కాలమున దన గర్భమున నొక యోడను దాచి కాపాడెను. ఆ సంగతులు ముందు చెప్పెదము.

రోమీయుల కోట

నగర మధ్యమునుండి నది వెంబడి ఉత్తరముగా గొంతదూరము పోయినచో కేర్లియన్ అను గ్రామము వచ్చును. ఇప్పుడది న్యూపోర్టు నగర పరిపాలనలోనిదే. క్రీ. శ. 75వ సంవత్సర ప్రాంతమున రోమను సామ్రాజ్యపు రెండవ అగస్టను సేన ఇచ్చట దన కోటను నిర్మించెను. నది పేరును బట్టి దానికి ఇస్కా అని పేరిడిరి. అయిదు వేలకు పైబడిన సైనికులు అందు నివసించిరి. సముద్రపు పోటు నదిలో నింతదూరము వచ్చుటచే, ఓడల మీద ధాన్యము, ద్రాక్షారసము, నూనె మొదలగునవి కోట ముంగిటికే తేగలిగిరి. కోటకు ఈ చోటు నేర్పఱచుకొనుటకు నది యొక ముఖ్య కారణము.

నేడు యాత్రికులు ఇచ్చట నాలుగు వస్తువులను జూడవలెను. మొదటిది రంగస్థలము. క్రీ. శ. 90 ప్రాంతమున గట్టబడిన యీ గుండ్రని క్రీడాస్థలమున సుమారు 6,000 మంది కూర్చుండ వీలుండెను. ఇప్పుడు గోడల మీద పచ్చగడ్డి మొలచి, గొప్ప పచ్చని గిన్నెవలె గనబడును. రెండవది సైనికులు పండుకొనిన గదుల వరుసల పునాదులు. రోమను సేనల నివాసములు ఐరోపా యంతటిలో నిట్లు కన్నులకు గనబడు చోటు ఇదియొక్కటేయని యందురు. మూడవది స్నానశాల. నాల్గవది, త్రవ్వకములలో దొరికిన వస్తువులను జూపు రోమను సేనా వస్తుప్రదర్శనశాల. స్నానశాల కాలువలో దొరికిన, స్నానము చేయువారి యుంగరములనుండి జాఱిపోయిన, చెక్కడపు పనిగల చిన్న రత్నములను జూచినచో, ఆ సైనికులును మనవంటి మనుష్యులేయను తలంపు గలుగును.

ఈ రంగస్థలమును గూర్చి మన దేశమునకు సంబంధించిన సంగతి యొకటి కలదు. అది మట్టితో గప్పబడియున్న కాలమున, గ్రామస్థులు దానిని ఆర్థరు రాజు గుండ్రని బల్లయని చెప్పుకొనుచుండిరి. 12వ శతాబ్దమున మన్మతు నివాసియగు జెఫ్రీ తన గ్రంథమున ఆర్థరు రాజు కొలువును కేర్లియనులో నుంచెను. 1926, 1927 సంవత్సరములలో మార్టిమర్ వీలరు అను పురాతత్వ పండితుడును, ఆయన భార్యయగు టెస్సా వీలరును పూనుకొని ఆ మట్టిని దీయించి, నిజము వెలికి దెచ్చిరి. రాజు బల్ల గాదు, రోమీయుల రంగస్థలము. ఆ త్రవ్వకమును దగ్గఱనుండి నడపినది ముఖ్యముగా టెస్సాయే. ఆ వీలరే 1944వ సంవత్సరమున మన దేశపు పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చెను. 1945లో పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో ద్రవ్వించి, ఇటలీ దేశపు మట్టిపాత్రల ముక్కలను గనుగొని, రోమీయుల వర్తకము మన తూర్పుతీరమువఱకు వచ్చెనని స్థాపించెను. 1947లో బ్రహ్మగిరిలో ద్రవ్వినప్పుడు అచ్చటి పై పొరకు ఆంధ్ర సంస్కృతియని పేరిడినదియు నాయనయే. కావున కేర్లియను పచ్చికకును మన నేలకును నడుమ నొక పలుగుపాఱల బంధుత్వము గలదని చెప్పవచ్చును.

కొండ మీది దేవాలయము

రోమీయుల కాలముననే యీ ప్రాంతమునకు క్రైస్తవమతము వచ్చెను. జూలియసు, ఆరను అను నిరువురు ఆ సేనానగరమున దమ విశ్వాసముకొఱకు జంపబడిరని 6వ శతాబ్దపు గిల్డాసు వ్రాసియున్నాడు. న్యూపోర్టు నగరమున స్టో కొండమీద నున్న వూలోసు దేవాలయము నేడు మన్మతు అధ్యక్ష మండలమునకు ప్రధాన దేవాలయము. 1949వ సంవత్సరమున దానికి పూర్తియగు కథీడ్రలు పదవి గలిగెను. వూలోసు అనునది గ్విన్లీవ్ అను వేల్సు నామమునకు ఇంగ్లీషువారి యుచ్చారణ. ఆయన కథ యిట్లు చెప్పుదురు. ఆయన మొదట పోరుబోతగు నొక దొర. భార్యయు కుమారుడును బోధింపగా మనస్సు మార్చుకొనెను. అంతట గలలో, నుదుట నల్లని మచ్చగల తెల్లని యెద్దు కనబడు చోట దేవాలయము గట్టుమని యాజ్ఞ గలిగెను. ఆ యెద్దు ఈ కొండమీద గనబడెనట. కథ యెట్లున్నను, లోపల నార్మనుల కాలపు చక్కని కమాను ద్వారమొకటి నిలిచియున్నది. దాని స్తంభములు కేర్లియనులోని రోమను కట్టడములనుండి తెచ్చినవని చెప్పుదురు. ఒక జాతి విడిచిన రాళ్లను మఱియొక జాతి దన ప్రార్థనకు నిలుపుకొనుట చరిత్రలో దఱచుగా జరుగు కార్యమే.

ఈ దేవాలయపు ఆవరణముననే, పేరును గుర్తును లేని గోతులలో, పదిమంది మనుష్యులు రహస్యముగా బాతిపెట్టబడిరి. వారెవరో చెప్పినగాని న్యూపోర్టు కథ పూర్తికాదు.

ఓటుకొఱకు బ్రాణములిచ్చినవారు

న్యూపోర్టు వెనుకనున్న లోయలలో బొగ్గును ఇనుమును విస్తారముగా గలవు. 18వ శతాబ్దాంతమున నొక కాలువ త్రవ్వి, వానిని పడవలమీద రేవునకు దింపుట కారంభించిరి. నగరమునకు పడమట నేటికిని చూడదగిన పదునాలుగు తూముల వరుస ఆ కాలువలోనిదే. అరమైలు దూరములో సుమారు 160 అడుగుల యెత్తును పడవలు మెట్లు దిగినట్లు దిగుచుండెడివి. తూములో పడవను నిలిపి, తలుపులు మూసి, నీటిని మెల్లగా వదలినచో, నీటితోడ పడవయు దిగును. అప్పుడు దిగువ తలుపు తెఱచి ముందునకు సాగనిత్తురు. ఎక్కవలసి వచ్చినప్పుడు దీనికి విపర్యయముగా జేయుదురు.

బొగ్గు దిగెను, ధనము పెరిగెను. కాని ఆ బొగ్గు త్రవ్విన వానికి దేశ పరిపాలనలో మాట లేకుండెను. 1832వ సంవత్సరపు సంస్కరణ చట్టము ఆస్తిగలవారిలో మఱికొందఱకు ఓటు నొసగెనేగాని, కూలివానిని విడిచిపెట్టెను. అంతట బ్రిటను దేశపు శ్రామికులు ఆరు కోరికలను ఒక పత్రముగా వ్రాసిరి. దానికి చార్టరు అనియు, దానిని గోరువారికి చార్టిస్టులనియు పేరు గలిగెను. ఆ కోరికలు ఇవి: 21 ఏండ్లు నిండిన ప్రతి పురుషునకు ఓటు, రహస్యముగా ఓటు వేయు పద్ధతి, సభ్యునకు ఆస్తి యుండవలెనను నిబంధన తీసివేయుట, సభ్యులకు జీతము, సమానమగు నియోజకవర్గములు, ఏటేట పార్లమెంటు ఎన్నికలు. 1839వ సంవత్సరమున 12 లక్షలకు మించిన చేవ్రాళ్లతో బంపిన విజ్ఞాపనను పార్లమెంటు త్రోసివేసెను.

ఆ సంవత్సరము నవంబరు 3వ తేది యాదివారము రాత్రి, జోరున వాన కురియుచుండగా, లోయలలోని గనిపనివారును ఇనుపపనివారును వేలకొలదిగా న్యూపోర్టునకు నడచి వచ్చిరి. వారి నాయకులు ముగ్గురు: జాన్ ఫ్రాస్టు, జెఫనాయా విలియమ్సు, విలియం జోన్సు. ఫ్రాస్టు బట్టల వర్తకుడు. అంతకు మునుపు ఈ పట్టణమునకే మేయరుగా నుండినవాడు. జోన్సు వెంటనున్న దండు సమయమునకు రాలేదు. తక్కినవారు 4వ తేది యుదయమున వెస్టుగేటు హోటలు ఎదుట జేరిరి. లోపల కొందఱు చార్టిస్టులు బంధింపబడియుండిరి. వారిని విడువుడని కేకలు వేసిరి. కొందఱి చేత ఈటెలును తుపాకులును గలవు. హోటలులో దాగియున్న సుమారు ముప్పదిమంది సైనికులు కాల్పులు జరిపిరి. అర్ధగంట గడవకముందే అంతయు ముగిసెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో ఇరువది యేండ్లైన నిండని జార్జి షెల్ అను వడ్రంగపు పనివాడొకడు. అతడు బయలుదేఱుటకు ముందు, స్వాతంత్ర్యముకొఱకు బోవుచున్నానని దలిదండ్రులకు ఉత్తరము వ్రాసి యుంచెను. కొండమీది గోతులలో నున్నవారు ఇట్టివారే.

నాయకులకు మరణశిక్ష విధింపబడెను. తరువాత దానిని ద్వీపాంతరవాసముగా మార్చి, వారిని నేడు టాస్మేనియాయని పిలువబడు దూరదీవికి బంపిరి. ఫ్రాస్టునకు 1856లో పూర్ణ క్షమాపణ లభించి, స్వదేశమునకు దిరిగివచ్చెను. 1877లో మరణించెను. ఆయుధములు చేతబట్టి వచ్చుట సరియా యని విద్యార్థులు అడుగుదురు. సరియని మేము చెప్పము. ఆయుధమెత్తినవారు ఆ యుదయమున నోడిపోయిరి. కాని వారి కోరిక యోడిపోలేదు. సభ్యుల ఆస్తి నిబంధన 1858లో దొలగెను. రహస్యపు ఓటు 1872లో వచ్చెను. సభ్యులకు జీతము 1911లో వచ్చెను. పురుషులందఱకు 1918లోను, స్త్రీలకు పురుషులతో సమానముగా 1928లోను ఓటు గలిగెను. ఆరు కోరికలలో ఏటేట ఎన్నికలు తప్ప దక్కినవన్నియు సాధారణ ధర్మములైనవి. 1951-52లో మన దేశమున జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో, ఆస్తి యడుగక, చదువడుగక, స్త్రీపురుష భేదమడుగక, 21 ఏండ్లు నిండిన ప్రతివానికి ఓటు నిచ్చిరి. ఓటుపెట్టె ముందు నిలుచు ప్రతి కూలివాడును, ఆ వానలో నడచినవారికి గొంత ఋణపడియున్నాడు.

నగర మధ్యమున ఫ్రాస్టు పేరిట నొక కూడలి గలదు. అచ్చటి వస్తుప్రదర్శనశాలలో చార్టిస్టుల ఆయుధములు, ప్రకటనపత్రములు మొదలగునవి చూడవచ్చును. ఆ కూడలి చెంత నడకదారిలో 1978లో కెన్నెతు బడ్ అను చిత్రకారుడు రంగుల పలుకులతో ఈ కథ నంతటిని గోడమీద చిత్రించెను. క్రొత్త అంగళ్ల నిర్మాణముకొఱకు 2013లో ఆ గోడ పడగొట్టబడెను. పౌరులనేకులు దుఃఖించిరి. జ్ఞాపకములు రాతిగోడమీద నున్నను, కాపాడువారు లేనిచో నిలువవు.

గాలిలో దాటు వంతెన

నగరపు దక్షిణభాగమున నదిమీద నొక వింతయగు వంతెన కలదు. 19వ శతాబ్దాంతమున నది తూర్పుగట్టున గొప్ప యుక్కు కర్మాగారము వెలసెను. పనివారిలో ననేకులు పడమటిగట్టున నివసించుచుండిరి. పైనున్న పట్టణపు వంతెన చుట్టి పోవలెనన్న నాలుగు మైళ్ల నడక. పడవలో దాటుదమన్న, ఆటువేళ బురదయే గాని నీరుండదు. సొరంగమునకు వ్యయమధికము. మామూలు వంతెన గట్టిన, క్రిందుగా ఎత్తైన స్తంభములుగల యోడలు పోవలెను. గట్టులు మిక్కిలి పల్లము. అంత యెత్తునకు దారి యెక్కించుటకు నిరుప్రక్కల మిక్కిలి పొడవైన వాలు గట్టవలెను.

ఈ చిక్కును ఫర్డినాండు ఆర్నొడాను అను ఫ్రెంచి యింజనీరు, పట్టణ యింజనీరగు రాబర్టు హేన్సుతో గలిసి విప్పెను. నదికి ఇరుప్రక్కల 242 అడుగుల యెత్తుగల యుక్కు గోపురములను నిలిపి, నీటికి సుమారు 177 అడుగుల మీదుగా నొక దూలమార్గమును వేసిరి. గోపురముల నడుమ దూరము 645 అడుగులు. ఆ మార్గమునుండి యుక్కు త్రాళ్లతో, ఉయ్యెలవలె, ఒక వేదికను రహదారి మట్టమునకు వ్రేలాడదీసిరి. విద్యుచ్ఛక్తితో దిరుగు చక్రము త్రాటిని లాగగా, ఆ వేదిక మనుష్యులను బండ్లను ఎక్కించుకొని, నీటిని గాని బురదను గాని తాకక, ఒక గట్టునుండి మఱియొక గట్టునకు బోవును. వంతెన లేని వేళ నది యోడలకు వదలబడినట్లే యుండును. 1906వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదిని ఇది తెఱవబడెను. ఇట్టి వంతెనలు నేడు ప్రపంచమున బహుకొద్దిగా మిగిలియున్నవి. మెట్లు 277 ఎక్కి పైదారిమీద నడచుట ధైర్యవంతులకు వేడుక. ఇటీవలి సంవత్సరములలో దీనికి గొప్ప మరమ్మతులు జరిపించిరి గనుక, చూడబోవువారు తెఱచియున్న దినములను ముందుగా విచారించుకొనుట మంచిది.

ఉక్కు మాట వచ్చినది గనుక నొక సంగతి. నగరపు తూర్పుదిక్కున లాన్‌వెర్ను అనుచోట 1962లో మఱియొక పెద్ద యుక్కు కర్మాగారము స్థాపింపబడెను. అందు ఇనుము కరగించుట 2001లో మానివేసి, ఉక్కు రేకులు చేయుట మాత్రము నిలుపుకొనిరి. 2007లో దానిని జంషెడ్‌పురమున బుట్టిన మన టాటావారి యుక్కు సంఘము కొనెను. ఒకప్పుడు మన దేశమునకు ఇనుపసామాను బంపిన తీరమున మన దేశపువారు యజమానులగుట కాలచక్రపు గతిని దెలుపుచున్నది.

రేవులో నొక బాలుని ధైర్యము

బొగ్గు యెగుమతి పెరిగినకొలది రేవును విస్తరింపవలసి వచ్చెను. 1909వ సంవత్సరము జూలై 2వ తేదిని, అలెగ్జాండ్రా రేవునకు క్రొత్త ద్వారము కట్టుటకై త్రవ్విన లోతైన కందకము కూలి, దుంగలును మట్టియు పనివారిమీద బడెను. 39 మంది మరణించిరి. ఆ దినమున, వార్తాపత్రికలమ్ముకొను టామ్ లూయిసు అను బాలుడు, పెద్దవారు దూఱజాలని సందులో దూఱి, దుంగల నడుమ చిక్కిన యొక మనుష్యుని చేతిని విడిపించుటకై సుత్తియు ఉలియు బట్టి సుమారు రెండు గంటలు పనిచేసెను. మీద మట్టి యెప్పుడు కూలునో తెలియదు. ఆ మనుష్యుడు చివరకు బ్రదికి బయటపడెను. రాజుగారగు ఏడవ ఎడ్వర్డు ఆ బాలునకు ఆల్బర్టు పతకమును ప్రసాదించెను. ధైర్యమునకు కులమును కొలతయు లేవని మా బాలురు గ్రహింతురుగాక.

బురద కాపాడిన యోడ

2002వ సంవత్సరమున, అనగా న్యూపోర్టు నగరమైన సంవత్సరముననే, నది పడమటిగట్టున నాటకశాలకై పునాదులు త్రవ్వుచుండగా బురదలో నొక పెద్ద కొయ్యయోడ బయటపడెను. అది 15వ శతాబ్దపు వాణిజ్యనౌక. బురదలో గాలి సోకనందున కొయ్య కుళ్లక నిలిచెను. కొయ్యలోని వార్షిక వలయముల కొలతలను బట్టి, దాని చెట్లు స్పెయిను ఉత్తరతీరమందలి బాస్కు ప్రాంతమున 1449 ప్రాంతమున నఱకబడినవని పండితులు నిర్ణయించిరి. ఓడ వెన్నుదూలపు అతుకులో 1447లో ముద్రింపబడిన ఫ్రాన్సు దేశపు చిన్న వెండినాణెము దొరకెను. ఓడకు మేలు గలుగవలెనని వడ్రంగులు దానిని అందుంచిరి. పోర్చుగలు దేశపు నాణెములును పాత్రల ముక్కలును గూడ దొరకినవి. కావున ఆ దేశముతో వర్తకము చేయుచు, మరమ్మతుకై అస్కు నదిలోనికి వచ్చి, ఇచ్చటనే కూలబడెనని తలంచుచున్నారు.

మొదట కొలతలు మాత్రము వ్రాసికొని, కట్టడపు పని సాగింపదలచిరి. కాని పట్టణస్థులు ఊరకుండలేదు. చేవ్రాళ్లు సేకరించిరి, ఆ స్థలమున గాచుకొని నిలిచిరి. చివరకు వేల్సు ప్రభుత్వము ధనసహాయము జేయగా, ఓడను దూలము దూలముగా విప్పి, ఉప్పు తీసి, మైనమువంటి ద్రవ్యములో నానబెట్టి, గడ్డకట్టించి ఆఱబెట్టిరి. ఈ పనికి ఇరువది సంవత్సరములు పట్టెను. ఓడ దూలములను, దొరికిన వస్తువులను నగరమందలి ప్రత్యేక శాలలో స్నేహితుల సంఘమువారు యాత్రికులకు జూపుచు వచ్చిరి. ఒకే యూరు ఒక గోడను పోగొట్టుకొనెను, ఒక యోడను కాపాడుకొనెను. ఈ రెంటి నడుమనున్న భేదము ప్రజల శ్రద్ధయే.

ధనికుల భవనమును పక్షుల నెలవును

నగరపు పడమటి యంచున ట్రెడెగరు భవనము గలదు. 17వ శతాబ్దమున ఎఱ్ఱని యిటుకలతో గట్టబడిన యీ మందిరము మోర్గను వంశపు దొరలది. వారి తోటగుండ బోయిన బొగ్గుబండ్ల దారికి వసూలుచేసిన సుంకము ఎంత విస్తారమనగా, దానికి బంగారు మైలని పేరు వచ్చెను. ఆ వంశపు గాడ్‌ఫ్రీ మోర్గను 1854లో బాలక్లావా యుద్ధమందలి ప్రసిద్ధమగు గుఱ్ఱపుదండు దాడిలో బాల్గొని బ్రదికెను. తన్ను మోసి తెచ్చిన బ్రిగ్సు అను గుఱ్ఱమును తన తోటలోనే పాతించి గుర్తు నిలిపెను. 1906లో పైన జెప్పిన వంతెనను తెఱచినదియు నాయనయే. 1951లో వంశమువారు భవనమును విడిచిరి. తరువాత కొంతకాలము బాలికల పాఠశాలగా నుండెను. 2012 నుండి జాతీయ ధర్మసంస్థవారి పాలనలోనికి వచ్చెను. మీది గదుల బంగారుపూతయు, క్రింది వంటశాలలో పనివారి గదులును రెండును చూచినగాని ఆ యింటిని జూచినట్లు కాదు.

దక్షిణమున నది సముద్రమును గలియుచోట పల్లపు భూములు గలవు. 1607వ సంవత్సరము జనవరిలో సముద్రపు వెల్లువ యీ తీరమును ముంచి, అనేకుల ప్రాణములను దీసెను. గోల్డుక్లిఫ్ గ్రామ దేవాలయమున నాటి వెల్లువను దెలుపు నిత్తడి పలక నేటికిని గలదు. అదే గ్రామపు సముద్రపుటొడ్డు బురదలో, వేలకొలది యేండ్లనాటి మనుష్యుల యడుగుజాడలు, పిల్లలవి సహితము, దొరకినవి. 2000వ సంవత్సరమున, కార్డిఫులో ఆనకట్ట వలన పోయిన బురదనేలలకు బదులుగా, ఇచ్చట విద్యుత్కేంద్రపు బూడిద పోసిన నేలను సుమారు వేయి ఎకరముల మేర పక్షులకు నెలవుగా మార్చిరి. మనుష్యుడు చెఱచిన నేలను మనుష్యుడే బాగుచేయగలడనుటకు ఇది సాక్ష్యము. శరత్కాలపు సాయంసమయమున గోరువంక జాతి పిట్టలు వేలకొలదిగా మేఘమువలె మెలికలు దిరుగుచు రెల్లులో దిగుట చూడవలసిన దృశ్యము.

ముగింపు

చూడబోవువారికి మా సూచన యిది. మొదటి దినము కేర్లియనునకును, కొండమీది దేవాలయమునకును, ప్రదర్శనశాలకును వినియోగింపవలెను. రెండవ దినమున వంతెన, ఓడశాల, ట్రెడెగరు భవనము చూడవచ్చును. మూడవ దినము పదునాలుగు తూములకును పక్షుల నెలవునకును చాలును. ఏ దినమైనను, పోటు వేళ నొకసారియు ఆటు వేళ నొకసారియు నదియొడ్డున నిలువ మఱవరాదు.

మన విద్యార్థులలో ఎందఱు ఆ దేశమునకు బోవుదురో దేవునికే యెఱుక. పోకున్నను నష్టము లేదు. న్యూపోర్టు మనకు నేర్పునది యొకటి కలదు. దొరలు గట్టిన కోట శిథిలమైనది, సేనలు విడిచిన రంగస్థలమున పసులు మేసినవి. కాని పనివాడు నది దాటుటకు గట్టిన వంతెన, కూలివాడు అడిగిన ఓటు, బాలుడు చాచిన చేయి, ఇవి జనుల జ్ఞాపకమున నిలిచియున్నవి. తమ యూరి నేలక్రిందను, తమ పెద్దల నోటను ఎట్టి కథలు దాగియున్నవో మా బాలబాలికలు విచారించి తెలిసికొందురేని, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ సార్థకమైనదని మేము తలంతుము.